పస్తులున్న నాచు

శనివారం పొద్దున డాక్టరు వేసుకున్న పథకంలో ఒకే ఒక్క పని ఉంది. ఏమీ చేయకపోవడం. భోజనాల బల్ల మీద పెట్టిన గాజు జాడీకి సోమవారం దాకా తిండి పెట్టకూడదు, దాని చుట్టూ వెలుగుతున్న ట్యూబులైట్లు ఆర్పకూడదు. అంతే. ఇంతకంటే తేలికైన పని ఇంకొకటి ఉండదు. అయినా లేచిన దగ్గర్నుంచి డాక్టరు అరచేతులకు పట్టిన చెమటను ప్యాంటుకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

అతను రోగుల్ని చూసే డాక్టరు కాదు. సముద్రపు నాచు మీద పరిశోధన చేసి ఆ పట్టా తెచ్చుకున్నాడు. నాచు అంటే ఒడ్డున కాళ్లకు చుట్టుకునే రకం కాదు. విడివిడిగా కంటికి ఆననంత చిన్నది. కోట్ల కొద్దీ కలిస్తే గాని నీళ్లకు రంగు రాదు. కడుపు నిండితే ఆకుపచ్చగా, హాయిగా ఈదుకుంటూ సంతానాన్ని పెంచుకుంటుంది. తిండి ఆపేసి, ఉప్పు పెంచి, కళ్లు బైర్లు కమ్మే వెలుతురులో నిలబెడితే మాత్రం ప్రాణభయంతో ఒంట్లోనే నారింజ రంగు పదార్థం ఒకటి తయారుచేసుకుంటుంది. ఆ పదార్థం కంటి మందుల్లోకి వెళ్తుంది. భయపడితే ఒంట్లో పనికొచ్చేది పుట్టే అదృష్టం డాక్టరుకు లేదు. అతను భయపడితే కడుపులో మంట పుట్టేది. ఆఫీసులో అందరూ అతన్ని కంగారు డాక్టరు అనేవారు.

ఈసారి కంగారుకు కారణం ఉంది. ఆఫీసు భవనానికి చెదలు పట్టి మందు కొట్టిస్తున్నారు. ఆ ఘాటుకు తొట్లలోని నాచంతా పోతుందని, విత్తనానికి ఉంచిన జాడీ ఒక్కటీ ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. సోమవారం కంటి మందుల కంపెనీ మేడమ్ ఒకావిడ చూడటానికి వస్తుంది. జాడీ నారింజ రంగులో కనిపిస్తే ఒప్పందం కుదురుతుంది. కుదరకపోతే నాచు విభాగం మూసేసి ఆ గదిలో అట్టపెట్టెలు పేర్చుకుంటామని మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ మేనేజరు ఇంతకుముందు పరుపులు అమ్మేవాడు. అట్టపెట్టెల విషయంలో ఆయన మాట తప్పే మనిషి కాదు.

"ఈ బల్ల నాకెప్పుడు ఖాళీ అవుతుంది?" అడిగింది భార్య. ఆమె లెక్కల టీచరు. దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్టను చంకలో పెట్టుకుని నిలబడింది.

"సోమవారం. దీనికి రంగు రాకపోతే బల్లతో పాటు నేనూ ఖాళీయే."

"పొద్దున్నే ఆ మాటలేంటండీ? వస్తుంది లెండి."

"దీన్ని ముట్టుకోవద్దని మీ అమ్మగారికి చెప్పావా?"

"మీరే చెప్పొచ్చుగా?"

డాక్టరు చెప్పలేడు. పెళ్లయి ఇన్నేళ్లయినా అత్తగారి ఎదుట అతని నోట "అలాగేనండీ" తప్ప ఇంకో మాట సరిగ్గా పలికేది కాదు. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ "అల్లుడుగారూ" అని పిలిస్తే చాలు, ఎక్కడ థర్మామీటరు పెడతారోనని డాక్టరు మూతి బిగించుకునేవాడు.

చివరికి భార్యే చెప్పింది. అసలే బీపీ ఉన్న మనిషి కదా అని ఉద్యోగం సంగతి మాత్రం తల్లి చెవిన వేయలేదు. "అమ్మా, అది ఆయన ఆఫీసుది. తిండి పెట్టకుండా ఉంచారట. నువ్వు పట్టించుకోకు" అంది. తిండి పెట్టకుండా ఉంచారని విన్నాక పట్టించుకోకుండా ఉండటం ఆవిడ వల్ల అయ్యే పని కాదని కన్నకూతురికైనా తట్టలేదు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆవిడకొక పద్ధతి ఉండేది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు ఏం చెప్పినా "అలాగే డాక్టర్" అనేవారు. ఆయన బూట్ల చప్పుడు వరండా చివర ఆగిపోయాక, రోగి మొహం చూసి తనకు తోచింది చేసేవారు. రోగులు లేచి ఇళ్లకు వెళ్లేవారు. డాక్టర్లు తమ వైద్యానికి తామే మురిసిపోయేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా సర్వీసంతా గడిచిపోయింది.

మధ్యాహ్నానికి జాడీలో రంగు విరిగి పసుపు తిరగసాగింది. డాక్టరుకు ప్రాణం లేచి వచ్చింది. అత్తగారు కళ్లజోడు సర్దుకుని జాడీ దగ్గరికి వంగారు.

"అల్లుడుగారూ, దీనికి కామెర్లలా ఉన్నాయి."

"అవునండీ! మంచి గుర్తండీ."

"తిండేం పెట్టట్లేదా?"

"లేదండీ."

"ఈ లైట్లు ఎప్పుడు ఆర్పుతారు?"

"ఆర్పమండీ."

"మరి నిద్ర?"

డాక్టరు ఆలోచనలో పడ్డాడు. నాచు నిద్ర గురించి తన పరిశోధనలో ఎక్కడా రాయలేదు. "ఉండదండీ" అన్నాడు.

"అలాగే" అన్నారు అత్తగారు. ఆ "అలాగే" ఎన్ని వార్డులు తిరిగి వచ్చిందో తెలిసి ఉంటే డాక్టరు ఆ మధ్యాహ్నం కునుకు తీసి ఉండేవాడు కాదు. అతను గదిలోకి వెళ్లి తలుపు వేసుకోగానే ఆవిడ రెండు లైట్లు ఆర్పారు. బాల్కనీలో పూలకుండీలకు వేసే తెల్లటి ఎరువు తెచ్చి, రెండు వేళ్లతో చిటికెడు తీసి జాడీలో వేశారు. "తాగు తల్లీ" అన్నారు. అతను లేచేలోపు లైట్లు మళ్లీ వేసేశారు.

సాయంత్రానికి పసుపు పోయి జాడీ మళ్లీ ఆకుపచ్చగా మారుతోంది. డాక్టరు జాడీని అటూ ఇటూ తిప్పి చూశాడు. పాత తిండి ఎక్కడో అడుగున మిగిలిపోయి ఉంటుందని అనుకున్నాడు. దానికి విరుగుడు ఉప్పే. వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చి ఒక గుప్పెడు పోశాడు. కోలుకుంటున్న రోగి నోట్లో అల్లుడు గుప్పెడు ఉప్పు పోయడం అత్తగారు గుమ్మంలోంచి చూశారు.

"అమ్మాయ్, మీ ఆయన ఒంట్లో బాగానే ఉందా?" అని కూతుర్ని పక్కకు పిలిచి అడిగారు.

"ఏమైందమ్మా?"

"ఏమీ తినని దానికి అంత ఉప్పేంటే? ఏమైపోతుందది?"

"అది సముద్రంలోదమ్మా."

"సముద్రంలోంచి బయటపడింది కదా, ఇంకా ఉప్పెందుకు?"

కూతురు దిద్దాల్సిన పేపర్ల దగ్గరికి వెళ్లిపోయింది. అత్తగారు అల్లుడు స్నానానికి వెళ్లేదాకా ఓపిక పట్టారు. తర్వాత జాడీలోంచి చెంబెడు తీసి, ఆ మేరకు మంచినీళ్లు పోశారు. తీసిన చెంబెడు పారబోయడానికి మనసొప్పలేదు. ప్రాణమున్నది కదా. దాన్ని ఒక గిన్నెలో పోసి, దానికీ చిటికెడు ఎరువు పెట్టి, వంటగది కిటికీ దగ్గర ఉంచారు. జాడీలో ఉన్న దాన్ని చూసేసరికి జాలేసి ఇంకో చెంబెడు మంచినీళ్లు అదనంగా పోశారు.

ఆదివారం పొద్దున డాక్టరు లేచి వచ్చేసరికి జాడీ అంచుదాకా నిండి ఉంది. అతను కళ్లు నులుముకున్నాడు. నాచు పెరుగుతుందని తెలుసు. నీళ్లు పెరుగుతాయని ఎవరూ చెప్పలేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు చాలాభాగం మాయమైంది. చుట్టూ చూశాడు, పైకి చూశాడు. పైకప్పు మీద పాత మరక ఒకటి కనిపించింది. అది తాము ఈ ఇంట్లో దిగినప్పటి నుంచీ ఉంది. కాని కంగారులో ఉన్న మనిషికి పాత మరక కూడా కొత్తగానే కనిపిస్తుంది. పరుగున మేడ మీదికి వెళ్లి పై వాటా ఆయన తలుపు కొట్టాడు.

"మీ స్నానాల గదిలోంచి మా బల్ల మీద నీళ్లు కారుతున్నాయండీ."

"కారడమా?" అన్నాడు పై వాటా ఆయన, దువ్వని తలతో. "పొద్దుట్నుంచీ మా కొళాయిలో చుక్క రాక మొహం కూడా కడుక్కోలేదండీ నేను."

"మరి మా ఇంట్లో నీళ్లెలా పెరుగుతున్నాయి?"

"పెరుగుతున్నాయా?" ఆయన మొహం వెలిగిపోయింది. డాక్టరు కిందికి దిగేసరికి ఆయన కూడా బకెట్ పట్టుకుని వెనకే దిగాడు. ఆయన్ను వదిలించుకునేసరికి డాక్టరుకు తాతలు దిగివచ్చారు. ఎందుకైనా మంచిదని ఒక నల్ల గొడుగు తెచ్చి, విప్పి, జాడీ మీద నీడగా కట్టేశాడు. కారితే గొడుగు మీద కారుతుంది. ఆ గొడుగు కారే నీళ్లతో పాటు కావలసిన వెలుతురునూ ఆపుతుందన్న సంగతి నాచు మీద పట్టా పుచ్చుకున్న ఆ బుర్రకు ఆ పూట తోచలేదు.

"చూశావా అమ్మాయ్! నీడ పెట్టాడు. మనసు కరిగింది పాపం" అన్నారు అత్తగారు. ఆ సంతోషంలో ఈసారి ఎరువు గుప్పిటతోనే వేశారు.

అక్కడి నుంచి ఆ ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరు రౌండ్స్ మొదలుపెట్టారు. డాక్టరు వచ్చి ఉప్పు పోస్తాడు. డాక్టరు వెళ్లగానే అత్తగారు వచ్చి నీళ్లు పోస్తారు. పొర్లిపోతోందని డాక్టరు కొంత తీసి బకెట్లో పోస్తాడు. ఒక్క చుక్క కూడా పారబోయలేడు, ఉన్న విత్తనమంతా అదే. బకెట్‌లోది తనకు తెలియకుండా చేరిన కొత్త రోగి అనుకుని అత్తగారు దానికీ తిండి పెడతారు. మధ్యాహ్నానికి బకెట్ నిండింది. బట్టలు నానబెట్టే టబ్బు వచ్చింది. తర్వాత వంటగదిలోని గిన్నెలు ఒక్కొక్కటీ లేచి వచ్చాయి. వండుకోవడానికి పాత్ర మిగలక భార్య రొట్టె ముక్కలు తెచ్చి పెట్టింది. ఆమె మంచం మీద కూర్చుని పేపర్లు దిద్దుతోంది, ఒక పేపరు మీద ఆకుపచ్చ చుక్క పడితే ఆ పిల్లవాడికి జాలిపడి ఒక మార్కు కలిపింది.

"నువ్వేమైనా కలుపుతున్నావా ఇందులో?" అని డాక్టరు ఆమెను నిలదీశాడు.

"నాకంత తీరిక ఎక్కడిదండీ? అమ్మనడగండి."

డాక్టరు అడుగుదామనే బయల్దేరాడు. వంటగది గుమ్మందాకా వెళ్లాడు.

"ఏం కావాలి అల్లుడుగారూ?"

"ఏం లేదండీ. మంచినీళ్లు."

ఆవిడ గ్లాసు నింపి ఇచ్చారు. తాగి వచ్చేశాడు. ఆ రోజు అతను అలా మూడుసార్లు మంచినీళ్లు తాగాడు.

ఆ సాయంత్రం మేనేజరు ఫోన్ చేశాడు. నిజం చెప్పేయాలని డాక్టరు గట్టిగా నిర్ణయించుకున్నాడు.

"సర్, నారింజ రంగు రావట్లేదు. పైగా పెరుగుతోంది."

"పెరుగుతోందా? ఎంత?"

"జాడీ దాటింది సర్. బకెట్ దాటింది. టబ్బులో ఉంది. గిన్నెలు కూడా అయిపోయాయి."

పరుపులమ్మిన మనిషికి రంగు సంగతి తెలియదు, సైజు సంగతి తెలుసు. "శభాష్! రెండ్రోజుల్లో జాడీ నుంచి టబ్బుకా! మేడమ్‌కు ఇప్పుడే చెప్తాను. ఆఫీసులో ఇంకా మందు వాసన పోలేదు. రేపు పొద్దున్నే నేరుగా మీ ఇంటికే తీసుకొస్తా" అని ఫోన్ పెట్టేశాడు.

డాక్టరు ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే కూలబడ్డాడు. ఇంటి అద్దె, ముందు ముందు పుట్టే పిల్లల కోసం దాచుకుంటున్నది, కొత్త ఉద్యోగం వెతుక్కుంటూ తను ఎక్కబోయే మెట్లు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. నిజంగానే భయమేసింది. ఈ లోకంలో తనకు చేతనైన పని ఈ నాచు పనొక్కటే, అది కూడా చేతకావడం లేదు.

సోమవారం తెల్లవారుతుండగా చివరి ప్రయత్నంగా కొత్త ఉప్పు పొట్లం పట్టుకుని హాల్లోకి అడుగుపెట్టాడు. జాడీ దగ్గర అత్తగారు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో నీళ్ల చెంబు, ఇంకో చేతిలో ఎరువు డబ్బా. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు.

"మీరా అండీ?" అన్నాడు డాక్టరు.

"మీరు పోసిన ఉప్పుకి నేను నీళ్లు పోశాను" అన్నారు అత్తగారు, ఏ మాత్రం తడబడకుండా. "పసిదాని లాంటిది, అన్నం లేదు, నిద్ర లేదు. చూస్తూ ఊరుకోమంటారా?"

పెళ్లయ్యాక మొదటిసారి డాక్టరు "అలాగేనండీ" అనలేదు. "అత్తయ్యగారూ, ఇది ఈ పూట నారింజ రంగులోకి రాకపోతే నా ఉద్యోగం పోతుందండీ" అన్నాడు.

అత్తగారి చేతిలోని చెంబు బల్ల మీదికి దిగింది. మొహం పాలిపోయింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా నాయనా? నేనే కూర్చుని మాడ్చేదాన్ని కదా!"

అంతలో కాలింగ్ బెల్ మోగింది.

మేనేజరు ముందు వచ్చాడు, తడి నేల మీద జారి గోడ పట్టుకున్నాడు. వెనక మేడమ్ వచ్చింది. చిన్న మనిషి, భుజాన సంచి, నవ్వని మొహం. ఆవిడ జాడీని చూసింది, గొడుగును చూసింది, బకెట్‌ను, టబ్బును, కిటికీలో వరసగా ఉన్న గిన్నెలను చూసింది. ఎటు చూసినా ఆకుపచ్చే.

"నారింజ రంగు చూపిస్తారని చెప్పారు" అంది.

మేనేజరు డాక్టరు వైపు చూశాడు. అత్తగారు ఒక అడుగు ముందుకు వేశారు.

"తప్పంతా నాదమ్మా. అల్లుడుగారు ఆయన పని ఆయన సక్రమంగా చేశారు. మాడ్చాల్సినంతా మాడ్చారు. రంగు తిరిగింది కూడా. నేనే చూడలేక తిండి పెట్టాను. ఆయన ఉద్యోగం తీయకండి. కావాలంటే నన్నేమైనా అనండి."

మేడమ్ సంచిలోంచి అరచేతిలో ఇమిడే చిన్న సూక్ష్మదర్శిని తీసింది. జాడీలోంచి ఒక చుక్క తీసి చూసింది. బకెట్‌లోంచి ఒక చుక్క తీసి చూసింది. కిటికీలోని గిన్నె దగ్గరికి వెళ్లి అక్కడా చూసింది. డాక్టరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని భార్య మెల్లగా వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"లోపల నారింజ చుక్కలు అలాగే ఉన్నాయి" అంది మేడమ్. "పైన ఆకుపచ్చ తిరిగి వచ్చింది. పైగా ఈదుతున్నాయి."

"క్షమించండి" అన్నాడు డాక్టరు.

"దేనికి? ఇప్పటిదాకా నేను వెళ్లిన ప్రతిచోటా నారింజ రంగులో ఉన్నదే తెచ్చి చూపించారు. మాడ్చడం అందరికీ వచ్చు. ఒకసారి మాడ్చాక అది చచ్చి ఊరుకుంటుంది. ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి పెంచుకోవాలి, నెలల తరబడి సరుకు రాదు. మాడ్చిన దాన్ని రెండో రోజే లేపి ఈత కొట్టించిన వాళ్లను నేను చూడలేదు." ఆవిడ మొహంలో మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది. "ఒప్పందం రాసుకుందాం. ఎలా చేశారు?"

డాక్టరు అత్తగారి వైపు చూశాడు. అత్తగారు డాక్టరు వైపు చూశారు. ఎంత ఉప్పు పోశాడో అతనికి తెలియదు. ఎన్ని నీళ్లు పోశారో, ఎంత ఎరువు వేశారో ఆవిడకు తెలియదు.

"రోగి మొహం చూసి వేశానమ్మా" అన్నారు అత్తగారు.

ఒప్పందం కుదిరింది. మేనేజరు పొంగిపోయి అత్తగారిని కూడా అక్కడికక్కడే ఉద్యోగంలో చేర్చుకున్నాడు. ఆఫీసులో వాసన తగ్గాక తొట్లన్నీ నింపి, ఇద్దరూ ఒకచోట కూర్చుని, మాట్లాడుకుని, ఆ పని మళ్లీ చేయమన్నాడు. ఇద్దరూ కూర్చున్నారు. కాకపోతే ఇప్పుడు ఒకరి కష్టం ఒకరికి తెలుసు, ఒకరి మీద ఒకరికి ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

"కాస్త ఉప్పు వేయనా అండీ?"

"మీ ఇష్టం అల్లుడుగారూ."

"లేదండీ, మీరెలా అంటే అలా."

"నేను ఎరువు వేస్తే మీకేం ఇబ్బంది లేదు కదా?"

"అయ్యో, మీరు ముందు కానివ్వండి."

అలా వారం గడిచినా తొట్లలో ఎవరూ ఏమీ వేయలేదు. నాచుకు రంగు మారలేదు, ఉత్సాహమూ రాలేదు. మేడమ్ మనుషులు చూడటానికి వచ్చే రోజు దగ్గరపడుతుంటే డాక్టరు కడుపులో మంట మళ్లీ మొదలైంది. ఈసారి అత్తగారికి కూడా అంటుకుంది. చివరికి మేనేజరే ఒక దారి చూశాడు. పొద్దుట పూట డాక్టరు వస్తాడు. ఆయన వెళ్లాక హెడ్ నర్సు వస్తారు. ఇద్దరూ కలుసుకోకూడదు, ఏం వేశారో ఒకరికొకరు చెప్పుకోకూడదు, ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఆ ఊసు ఎత్తకూడదు. ఎవరికి వారు అవతలివాళ్లు చెడగొట్టారనుకునే పని మొదలుపెట్టాలి. ఆ వారమే తొట్లు నారింజ రంగులోకి తిరిగాయి, వెంటనే కోలుకుని ఆకుపచ్చగా ఈదాయి.

ప్రస్తుతం ఆ విభాగంలో సాటి ఉద్యోగిని అనుమానించడం ఉద్యోగ నిబంధన.